రేవుకాడ కూకో

మారిషస్ అనే దేశం ఒకటుందని నాకు తెలిసింది కుందుల పుణ్యమా అని. మద్రాసు సౌకార్‌పేటలో మా ఆయనకు ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉండేది. కుందులు, గంటలు, హారతి పళ్ళేలు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి పెట్టెలు కట్టించుకుని పోయేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన మారిషస్ నుంచి వచ్చాడు. మనిషి అచ్చం మన పక్కింటాయనలా ఉన్నాడు, నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లీషు, అదీ ముక్కుతో పలికే ఇంగ్లీషు. తమ ఊరి గుళ్ళో రామభజనకు నిలువెత్తు దీపం కావాలట, దాని చుట్టూ తిరుగుతూ పాడతారట. మీరు ఏ జనం అని మా ఆయన ఇంగ్లీషులో అడిగితే తెలుగు అన్నాడు. మేమూ తెలుగే అన్నాడు మా ఆయన, అదీ ఇంగ్లీషులోనే. ఆ ముక్క ఇంటికొచ్చి చెప్తే మా అత్తగారు చింతాద్రిపేట ఇల్లు ఎగిరిపోయేట్టు నవ్వింది.

"ఇద్దురు తెలుగోళ్ళు తెలుగోళ్ళమని చెప్పుకునేదానికి దొరల మాట కావాల్సొచ్చిందా! సిగ్గు సిగ్గు!" అంది. ఆవిడ మాత్రం ఏం తక్కువ? నవ్వడం అయిపోగానే పనిమనిషిని అరవంలో కేకేసింది.

మా ఇంటి తెలుగు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మేము నెల్లూరు వైపు నుంచి ఏ కాలంలోనో వచ్చి మద్రాసులో పడ్డవాళ్ళం. ఈడ, ఆడ అంటాం. వాక్యం తెలుగులో మొదలై అరవంలో తేలుతుంది, మధ్యలో ఇంగ్లీషు తగిలితే దాన్నీ కలుపుకుంటుంది. మా పిల్లలు వాళ్ళ నాన్నను "అప్పా" అంటారు. నేనూ మా నాన్నను అలాగే పిలిచాను. మా వీధిలో ఏ పిల్లవాడు "అప్పా" అని అరిచినా నలుగురైదుగురు మగవాళ్ళు ఒకేసారి వెనక్కి తిరిగేవాళ్ళు.

దీపం నచ్చి, తర్వాత గంటలు నచ్చి, ఆ మారిషస్ ఆయన మాకు స్నేహితుడైపోయాడు. మా ఇంటికి రండి, మా అమ్మ తెలుగు మాట్లాడే మనిషి కోసం మొహం వాచిపోయి ఉంది అని ఏడాదికోసారి పిలిచేవాడు. తొంభైల్లో, మద్రాసు ఇంకా మద్రాసుగానే ఉన్న రోజుల్లో, ఒక వేసవి సెలవుల్లో నేనూ మా ఆయనా బయలుదేరాం. "ఏంమే, ఆడికి పొయ్యి ఏం తింటారు?" అని మా అత్తగారు ఊరగాయ జాడీకి గుడ్డ కట్టి ఇచ్చింది. బొంబాయిలో విమానం మారేటప్పుడు అది కారి నా చీర మీద పడింది. ఒక పరదేశంలో నేను మొదట అడుగుపెట్టింది ఆవకాయ వాసనతోనే.

అంత చిన్న దేశం ఉంటుందని నేననుకోలేదు. ఏ దిక్కుకు బస్సెక్కినా కాసేపటికి సముద్రం అడ్డమొచ్చేది. "ఇంతేనా?" అని అడిగాను. "ఇంతే" అన్నాడు ఆ మారిషస్ ఆయన కాస్త నొచ్చుకుని. నాకు ముందూ వెనకా చూసుకోకుండా మాట్లాడే జబ్బుంది, అది మీకు ముందు ముందు ఇంకా తెలుస్తుంది. ఇంత చిన్న దేశాన్ని నాలుగు రోజుల్లో చుట్టేసి మిగతా రోజులు చీరలు కొనుక్కుందామనుకున్నాను. ఉన్నన్నాళ్ళూ చూసినా అది అయిపోలేదు. చెరుకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపించేవి. ఎవరో కోట కట్టబోయి మానేశారనుకున్నాను. ఆ నేలంతా రాళ్ళేనట, తమ తాతలు వచ్చి చేతులతో ఏరి పోస్తే గానీ చెరుకు పడలేదట. ఆ మాట వినింది మొదలు ఆ గుట్టల పక్కన ఫొటో దిగడానికి నాకు మనసొప్పలేదు.

అక్కడ ఎవరిని ఎలా ఉన్నారని అడిగినా "కొరెక్" అంటారు. బాగున్నాను, అంతా సరిగ్గా ఉంది అని వాళ్ళ క్రియోల్ మాట. బస్సు కండక్టరు కొరెక్, దాల్‌పూరీ అమ్మేవాడు కొరెక్, నిన్ననే గాలివానకు రేకులు ఎగిరిపోయిన ఇంటాయనా కొరెక్. మనవాళ్ళను పలకరిస్తే మోకాలి నొప్పి దగ్గర్నుంచి అల్లుడి అలక దాకా చెప్తారు కదా, నాకు ఆ మాట భలే నచ్చింది. అంత చిన్న దేశంలో ఒకరి కష్టం ఇంకొకరికి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుందేమో.

ఇక మా మారిషస్ ఆయన తల్లి. డెబ్భై దాటిన మనిషి, తెల్లచీర, చేతిలో కర్ర. నేను "అవ్వా" అని పిలిచాను, మా వైపు అంతే. గుమ్మంలోనే రెండు చేతులూ జోడించి, "రండి, రండి. కూర్చుండుడి. ప్రయాణము సుఖముగా జరిగినదా?" అంది. పౌరాణిక నాటకంలోంచి దిగొచ్చినట్టనిపించి నాకు నవ్వాగలేదు. తర్వాత తెలిసింది, ఇంట్లో అంతా క్రియోలే కావడంతో ఆమె తెలుగంతా గుళ్ళో సాయంకాలం బడిలో పుస్తకాలు చూసి నేర్చుకున్నదట. ఎదురు మాట్లాడే మనిషి లేక పుస్తకంలో ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. కొడుకుకు చదవడం వచ్చు, మాట్లాడడం రాదు. మనవలకు "ఇది బల్ల, అది ఆవు" వచ్చు.

"బాగనే జరిగిందవ్వా, రొంబ టయర్డ్, అంతే" అన్నాను నేను.

"రొంబ అనగా నేమి?" అంది ఆమె, కళ్ళు పెద్దవి చేసి.

చాలా అని అర్థం చెప్పాను. అరవమని చెప్పడానికి మొహం చెల్లలేదు. మర్నాటికి ఆ ఇంటి పిల్లలంతా రొంబ రొంబ అని తిరుగుతున్నారు. ఇండియా నుంచి వచ్చిన సిసలైన తెలుగు మాట కదా, పాపం! మా ఆయన ఆ రాత్రి పక్కలో పడి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వీడ ఇంకా నాల్రోజులుంటే వీళ్ళ గుళ్ళో అరవ భజన మొదలైపోతుందిమే" అన్నాడు.

ఒక సాయంత్రం అవ్వ నన్ను సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయింది. వరసగా సరుగుడు చెట్లు, వాటి కింద ఒక పాత సిమెంటు బల్ల. తన మామ్మ, అంటే నాయనమ్మ, చివరి రోజుల్లో రోజూ ఇక్కడికే వచ్చి కూర్చునేదట. ఆ మామ్మ పిల్లగా ఉన్నప్పుడు మద్రాసు రేవులో ఓడెక్కి చెరుకు పనికి వచ్చింది. ఏ ఊరి పిల్లో, ఎవరి పిల్లో ఎప్పుడూ చెప్పలేదు. కానీ పొద్దు వాలేటప్పుడు నీళ్ళ వైపు చూసి ఒకే ఒక మాట అనేదట. చిన్నతనంలో ఆమె ఒళ్ళో కూర్చుని విన్న ఆ మాటను అవ్వ నాకు పలికి వినిపించింది.

"అప్పా, రేవుకాడ కూకో. నానొచ్చెత్తాను."

ఆ ఒక్క వాక్యం మాత్రం ఆమె నోట పుస్తకంలా రాలేదు. వేరే మనిషి ఆమె గొంతులోంచి పలికినట్టు వచ్చింది. 

"మా ఇంటిలో అందరును సింహాద్రి అప్పన్నను పిలిచినదందురు" అంది అవ్వ. "నాకు నమ్మిక లేదు. దేవుని రేవులో కూర్చుండుమని ఎవరైనను చెప్పుదురా? చెప్పినను ఆయన వినునా? మీరు ఆ దేశము వారు. అప్ప అనగా ఎవరు, అమ్మా?"

తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు. కనీసం మా అత్తగారిని అడిగి చెప్తానని అనొచ్చు. నేనెందుకంటాను! తెలుగు దేశం నుంచి దిగిన పండితురాలిని కదా.

"అప్ప అంటే నాయనే కదవ్వా!" అన్నాను. "మా వైపు పిలకాయలంతా అట్లనే పిలుస్తారు."

తప్పు ఎక్కడుందో ఇప్పటికే పట్టేసినవాళ్ళు నన్ను తిట్టుకోండి, అందుకు అర్హురాలినే. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట సముద్రం దాటి పోయి మరీ చెడగొట్టింది.

 అవ్వకు కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. "తండ్రిని రేవులో కూర్చుండబెట్టి వచ్చినదా!" అంది. "ఆయన ఇంకను కూర్చునియే ఉండునేమో."

"అయ్యో, ఎప్పటి మాటవ్వా! ఆయన పొయ్యి నూరేండ్లై ఉంటుంది."

"పోయిన వానికి ఆమె రాదని ఎవరు చెప్పిరి?" అంది అవ్వ. "నేను వచ్చి చెప్పెదను. ఆయనను లేపవలెను."

ముసలివాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. మేము తిరిగి వచ్చేశాక కొడుకు ఫోను చేసినప్పుడల్లా వెనక నుంచి ఆమె గొంతు, రేవు ఎక్కడ, ఒడ్డు దాకా నడవగలనా, తర్పణం వదిలించే అయ్యవారు దొరుకుతాడా అని. గుండె బలహీనంగా ఉంది, విమానం వద్దన్నారట డాక్టర్లు. ఆమె వినలేదు. చచ్చేలోపల ఆ ఒక్క పనీ చేసెయ్యాలి, ఎవరో తన మనిషి ఒకడు ఎదురుచూస్తూ కూర్చుని ఉన్నాడు, వెళ్ళి లేపి ఇంటికి పంపాలి, అంతే. రెండేళ్ళు పోరి కొడుకును ఒప్పించింది. ఆ ప్రయాణమే ఆమెకు ఆఖరిదైంది.

వాళ్ళు దిగేసరికి మద్రాసు పేరు మార్చేశారు. విమానాశ్రయంలో చెన్నై అన్న బోర్డు చూసి ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మద్రాసు ఎచ్చట?"

"ఇదేనవ్వా. పేరు మార్చినారు, అంతే."

"ఆయనకు తెలియునా?" అంది. నేను నవ్వేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ బాధ.

చింతాద్రిపేటలో మా ఇంట్లోనే దిగారు. మా అత్తగారికీ ఆమెకూ మొదటి పూటే జత కుదిరింది. ఒకరిది గ్రాంథికం, ఒకరిది ఈడా ఆడా, మధ్యలో నవ్వులు. "ఏమి చమత్కారముగా మాట్లాడుదురు!" అని ఆమె, "ఈయమ్మ మాట వింటే గుళ్ళో పురాణం విన్నట్టుండాదే" అని ఈమె. మా అత్తగారు తమ పుట్టింట్లో నలుగురు అప్పచెల్లెండ్లు ఒకే మంచం మీద ఎట్లా పడుకునేవాళ్ళో చెప్పి మురిసిపోయింది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఆ మాట నా చెవి పక్క నుంచే పోయింది.

తెల్లవారి కాశిమేడు వైపు సముద్రానికి పోయాం. అక్కడి నుంచి రేవులో క్రేన్లు కనిపిస్తాయి. మా వీధి గుళ్ళో తెలుగు అయ్యవారిని నేనే మాట్లాడి తీసుకొచ్చాను. అవ్వ కొడుకు పంచె జారకుండా ఒక చేత్తో పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాడు. అయ్యవారు పేరడిగాడు, తెలియదు. గోత్రమడిగాడు, తెలియదు.

"సరే, కాశ్యప అనుకుందాం. ఇంతకీ పోయినాయన మీ అమ్మ తాలూకు ముత్తాత, అంతేనా? ఖాయమా?"

"ఖాయం స్వామీ. అర్థం చెప్పింది నేనే" అన్నాను, నాకేదో పతకం ఇస్తున్నట్టు.

నువ్వులూ నీళ్ళూ వదలడం అయ్యాక అవ్వ కర్ర నా చేతికిచ్చి అల దాకా నడిచింది. రేవు వైపు తిరిగి చేతులు జోడించి గట్టిగా పలికింది. "అయ్యా, లెండి. ఆమె రాదు. మమ్ముల కని, పెంచి, అక్కడనే ఉండిపోయినది. మీరు ఇంటికి పొండి." వెనక్కి వచ్చేటప్పుడు ఆమె మొహం చూడాలి! పెళ్ళిచేసి అప్పగింతలు ముగించిన తల్లిలా తేలికైపోయింది. "ఎట్లుందవ్వా?" అని అడిగితే, "కొరెక్" అంది. ఆమె ఆ మాటను నాతో అనడం అదే మొదటిసారి.

కొడుకూ అయ్యవారూ ఆటో కోసం రోడ్డు మీదికి పోయారు. మేమిద్దరం ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాం. అలలు ఊళ్ళోకి రాకుండా అక్కడ పెద్ద పెద్ద నల్లరాళ్ళు పోస్తున్నారు. "మా రాళ్ళు ఇచ్చటికి కూడ వచ్చినవే" అని హాస్యమాడింది అవ్వ. శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చిన ఆడా మగా తట్టలు మోస్తున్నారు. వాళ్ళ పిల్లలు అక్కడక్కడా ఆడుకుంటున్నారు. మాకు కాస్త దూరంలో ఒక రాతి మీద పన్నెండు పదమూడేళ్ళ పిల్ల ఒళ్ళో సత్తు క్యారియరు పెట్టుకుని కూర్చుని ఉంది.

నీళ్ళ దగ్గర నుంచి చిన్నపిల్ల గొంతు ఒకటి వినిపించింది.

"అప్పా! ఓలప్పా! కూకో, నానొచ్చెత్తాను!"

నేను అలవాటుకొద్దీ ఆ పిల్ల తండ్రి ఎవరా అని చూశాను. తట్టలు మోసే మగవాళ్ళు ఒక్కరూ తిరగలేదు. తిరిగింది రాతి మీద కూర్చున్న పిల్ల. "బేగి రాయే!" అని కేకేసింది.

అవ్వ అప్పటికే లేచి నిలబడింది, కర్ర లేకుండానే. ఆ రాళ్ళ మీద ఎలా నడిచిందో నాకు తెలియదు, నేను చెయ్యి అందించేలోపల ఆ పిల్ల ముందు ఉంది.

"ఆ బిడ్డ నిన్ను ఏమని పిలిచినది?"

పిల్లకు ఆ భాష వింతగా ఉన్నట్టుంది, నవ్వింది. "అప్పా అంది. మరేటంతాది? అది నా సెల్లి. నాను దానికి అప్పని."

 అప్పచెల్లెళ్ళు. ఆ మాట నాకు తెలియనిదా? నిన్న కాక మొన్న మా ఇంట్లో, నా చెవి పక్కన, చిక్కుడుకాయలు తుంచుతుంటే విన్నదే కదా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నదే కదా. అప్ప అంటే అక్క. నాన్న కాదు, దేవుడు కాదు, అక్క. ఆ అక్కకు జ్వరమని ఓడెక్కనివ్వలేదో, ముందు చెల్లెలిని పంపి తర్వాత తను పోదామనుకున్నదో, మంచినీళ్ళు తెస్తాను కూర్చో అని చెల్లెలు పోయి అటే ఎక్కేసిందో. ఇక ఎవరికీ తెలియదు. తెలిసిందొక్కటే, ఇంత దూరం వచ్చి, ఉన్న కాస్త ఓపికా ఖర్చు పెట్టి, ఆ ముసలామె లేపింది వేరే మనిషిని. లేపించింది నేను.

తిడుతుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. ఆమె నా వైపు చూడనే లేదు. వంగి ఆ పిల్ల చెంప మీద చెయ్యి వేసింది.

"లెమ్ము తల్లీ. ఎండ వచ్చుచున్నది. ఇంటికి పొమ్ము."

"మా సెల్లి రానీ మామ్మా."

"రాకపోయిన?"

పిల్ల ఆమెను విచిత్రంగా చూసింది. "ఎందుకు రాదు? కూకోమంది గదా. అది వచ్చేదాకా నాను లెగను."

ఇంతలో చిన్నది తడి గౌనుతో పరుగెత్తుకుంటూ వచ్చింది. పెద్దది దాని నెత్తిన ఒక్కటిచ్చి, క్యారియరు దాని చేతికిచ్చి, రెక్క పట్టుకుని తీసుకుపోయింది. ఇద్దరూ దేనికో పోట్లాడుకుంటూ గుడిసెల వైపు పోయారు. అవ్వ వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసి, పెద్దది కూర్చున్న రాతి మీద అరచెయ్యి పెట్టింది. రోడ్డు మీద నుంచి ఆమె కొడుకు ఆటో వచ్చిందని కేకలేస్తున్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "అవ్వా, నాదే తప్పు. అయ్యవారు ఈడనే ఉండాడు, పిలుస్తాను. ఇంకోసారి చేపిద్దాం. ఈసారి సరిగ్గా చెప్తాం ఆమెకు, చెల్లెలు రాదు, లెయ్యి అని."

ఆమె తల అడ్డంగా ఊపింది. రాతి మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఆమె లేవదమ్మా" అంది. "వింటిరి కదా."